రెండు కంచెల మధ్య

హార్లన్ గ్యాప్, పెన్సిల్వేనియా
1984 ఏప్రిల్ 9

అమ్మాయ్ నోరీన్,

కవరు మీద నా చేతిరాత చూసి కంగారుపడకు. ఎవరికీ ఏమీ కాలేదు. వాన రాబోతోందని నా మోకాళ్లు రేడియో కన్నా ముందే చెబుతున్నాయి, అంతే.

మనం ఉత్తరాలు రాసుకుని ఏడాది దాటింది. ఇప్పుడు కూడా పనిపడే రాస్తున్నాను, దాచడమెందుకు. ఫిబ్రవరిలో మంచు బరువుకి మేపుల్ చెట్టు కొమ్మ విరిగి తోట మీద పడింది. మన రస్సెల్ ఉండగా వేసిన కంచె ఒక పక్కంతా నేలమట్టం. ఇంకేముంది, షెడ్డు కింద గ్రౌండ్‌హాగ్ ఒకటి కాపురం పెట్టింది. ఆ పొట్టా అదీ చూస్తే పందికొక్కుకి పెద్దన్నలా ఉంది. మొన్న పొద్దున బఠాణీ మొలకలు వేలెడెత్తు లేచాయని మురిసిపోయాను. మధ్యాహ్నం వెళ్లి చూస్తే ఎవరో క్షవరం చేసినట్టు నేల నున్నగా ఉంది. అది మాత్రం షెడ్డు ముందు వెనక్కాళ్ల మీద నిలబడి, నేనేదో దాని తోటలోకి దొంగతనానికి వచ్చినట్టు నావంక చూస్తోంది.

రస్సెల్ కంచె వేశాక ఈ జాతి ఒక్కటి కూడా లోపలికి రాలేదు. జింకల సంగతి వేరనుకో. పక్కింటి ఓటిస్ కౌఫ్‌మన్ “వల అడుగు లోతు పాతితే చాలు ఆల్మా” అంటున్నాడు. ఓటిస్ మాట విని బాగుపడినవాళ్లని నేను చూడలేదు. రస్సెల్ ఎంత లోతు పాతాడు? అడుగున ఏదో మెలిక కూడా పెట్టాడు. వాడు కందకం తవ్వుతుంటే వల పట్టుకుని నిలబడింది నువ్వే కదా. తీరిక చూసుకుని రాయి.

నీ అత్త,
ఆల్మా


ఆక్రన్, ఒహాయో
ఏప్రిల్ 21

అత్తయ్యకు,

మీ ఉత్తరం అందింది. నాకు గుర్తున్నంతవరకు రాస్తున్నాను.

లోతు అడుగే. కోళ్లకి కట్టే పల్చటి వల పనికిరాదు, గట్టి ఇనుప తీగ వల కావాలి. నిటారుగా పాతి వదిలేస్తే అది కిందనుంచి తవ్వుకుని వచ్చేస్తుంది. అందుకని అడుగున వలని బయటివైపుకి, మోచెయ్యి మడిచినట్టు ఇంకో అడుగు మడిచి, పైన మట్టి కప్పాలి. అది ఎప్పుడూ కంచెని ఆనుకునే తవ్వుతుంది. నాలుగడుగులు వెనక్కి వెళ్లి మొదలుపెట్టాలన్న ఆలోచన దానికి రాదు. తవ్వినచోటల్లా తీగే తగులుతుంది.

షెడ్డు కింద పిల్లలుంటాయేమో చూడండి. ఉంటే వేసవి ముదిరేదాకా బొరియ మూయకండి.

నేను ఇక్కడ ఆసుపత్రి లాండ్రీలో పనిచేస్తున్నాను. బాగానే ఉంది. ఆరోగ్యం జాగ్రత్త.

నోరీన్


హార్లన్ గ్యాప్
మే 20

అమ్మాయ్ నోరీన్,

అడుగు లోతేనా! ఓటిస్ చెప్పింది నిజమని వాడికి తెలిసిందంటే ఇక ఈ వీధిలో నేను తలెత్తుకోలేను. అందుకని “అడుగున్నర అట” అని చెప్పి వాడిచేతే అడుగున్నర తవ్వించాను. నడుం పట్టుకుని మూలుగుతుంటే నిమ్మకాయ నీళ్లిచ్చాను. పాపం అనిపించింది కానీ మరీ ఎక్కువ అనిపించలేదు.

కంచె లేచింది. మర్నాడు టీ తాగుతూ కిటికీ దగ్గర కూర్చున్నాను. మన బొచ్చు దొరగారు వచ్చారు. ఓ చోట గోకాడు, తీగ తగిలింది. ఇంకో చోట గోకాడు, మళ్లీ తీగ. కాసేపు కూర్చుని ఆలోచించాడు. ఆ తర్వాత, ఒట్టు, నిచ్చెన ఎక్కినట్టు వల ఎక్కి, పైనుంచి దబ్బుమని నా లెట్యూస్ మడిలో పడ్డాడు! నేను చీపురు పట్టుకుని పరిగెత్తాను. గోడ మీంచి ఓటిస్, “తుపాకీ తేనా ఆల్మా?” అని కేక.

“తెస్తే నువ్వు దాన్ని కొడతావో నన్ను కొడతావో!”

“నిన్ను కొట్టాలనుకుంటే నలభై ఏళ్ల కిందటే కొట్టేవాణ్ణి.”

జింకల పని కూడా పట్టాను. మనిషి వాసనకి బెదురుతాయని మంగలి షాపు నుంచి జుట్టు తెచ్చి పాత మేజోళ్లలో కుక్కి కట్టాను. ఘాటు వాసన సబ్బులు కొని చుట్టూ వేలాడదీశాను. మూడు రోజులు రాలేదు. నాలుగో రోజు సబ్బు పక్కనే నిలబడి గులాబీ మొగ్గలన్నీ తినేసి పోయాయి. మూతి కడుక్కుని భోజనానికి కూర్చున్నట్టుంది.

ఓసారి రారాదూ? ముందుగది ఖాళీగానే ఉంది.

ఆల్మా


ఆక్రన్
జూన్ 17

అత్తయ్యా,

మీ ఉత్తరం లాండ్రీలో భోజనాల వేళ చదువుతూ పైకే నవ్వేశాను. పక్కవాళ్లు తిరిగి చూశారు. నేను నవ్వితే ఎలా ఉంటుందో వాళ్లకి తెలియదు మరి.

కంచె పైభాగం బిగించేశారా? తప్పంతా అక్కడే ఉంది. పై అడుగు మేర వలని గుంజలకి కొట్టకుండా వదులుగా వదిలేయాలి. అది ఎక్కి పైకి చేరేసరికి వల దాని బరువుకి బయటికి వంగి, దాన్ని వెల్లకిలా కింద పడేస్తుంది. రెండుసార్లు పడ్డాక మానుకుంటుంది. రస్సెల్ ఇది చూపించడానికి నన్ను గంటసేపు గడ్డిలో పడుకోబెట్టాడు. అది పడగానే చప్పట్లు కొట్టాడు.

జింకలకి సబ్బులూ జుట్టూ కొన్నాళ్లే. ఎనిమిదడుగుల కంచె వేయాలి. అంత ఎత్తు వేయలేకపోతే నాలుగడుగుల కంచెలు రెండు, మధ్యలో నాలుగైదడుగుల ఖాళీ వదిలి వేయండి. జింక ఎత్తుకి భయపడదు. దిగడానికి చోటు లేదనిపిస్తేనే ఆగిపోతుంది. మీ తోట చుట్టూ రస్సెల్ ఆ బయటి కంచె మొదలుపెట్టాడు, రెండు వైపులే పూర్తయింది. గుంజలు ఇంకా ఉండాలి.

ఇంకో సంగతి రాయాలి. ఎవరితో చెప్పాలో తెలియక మీకే రాస్తున్నాను. దుప్పట్ల లారీ నడిపే గిల్బర్ట్ అని ఒకతనున్నాడు. భార్య పోయి ఆరేళ్లయింది. శుక్రవారం చేపల వేపుడు భోజనానికి రమ్మని మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ రానన్నాను. ఎందుకంటే నాకు ఆ అర్హత లేదు అత్తయ్యా.

రస్సెల్ పోయిన ఆ శనివారం సాయంత్రం మేము పోట్లాడుకున్నాం. మీ గురించే. “ఈ నెలలో ఇది నాలుగోసారి మీ అమ్మ కంచెకి పరిగెత్తడం. మనింటి కిటికీ రెండేళ్లుగా మూసుకోదు. అక్కడే ఉండిపోరాదూ, నన్నెందుకు చేసుకున్నావు?” అన్నాను. రస్సెల్ ఒక్క మాట అనలేదు. తింటున్నది వదిలేసి వర్క్‌షాపులోకి వెళ్లిపోయాడు. అరగంటకి ట్రక్కు చప్పుడైంది. వెళ్తున్నానని కూడా చెప్పలేదు. నేను కిటికీ దగ్గర నిలబడి “పో” అన్నాను. పైకే అన్నాను.

ఎక్కడికి బయల్దేరాడమ్మా అని పోలీసాయన అడిగితే తెలియదన్నాను. ఆ దారి ఊళ్లోకీ పోతుంది, మీ ఇంటికీ పోతుంది, ఎక్కడికైనా పోతుంది. నామీద కోపంతో వెళ్లాడు, కోపంతోనే అంత వేగంగా నడిపాడు. లేకపోతే జింకలు రోడ్ల మీద తిరిగే నవంబరులో ఒకటి అడ్డం వస్తే ఏం చేయాలో రస్సెల్‌కి తెలియదా? వంతెన పక్క చెట్టుకి గుద్దుకునేంత మతి లేకుండా పోతుందా? నేనే పంపించాను అతన్ని.

ఇది మీకు చెప్పకుండా మీ ముఖం చూడలేకే ఊరు వదిలి వచ్చేశాను. ఇప్పుడు చెప్పాను.

నోరీన్


హార్లన్ గ్యాప్
జూలై 8

నోరీన్,

ఉత్తరం అందింది. నువ్వు చెప్పినట్టే పైన వదులుగా వదిలేశాం. దొరగారు రెండుసార్లు వెల్లకిలా పడి, షెడ్డు ఖాళీ చేసి ఓటిస్ చిక్కుడు మడి పక్కకి మారారు. ఓటిస్ నాతో మాట్లాడటం లేదు.

బయటి కంచె మిగిలిన రెండు వైపులూ వేయించాను. జింకలు వచ్చి నిలబడి చూసి వెళ్లిపోతున్నాయి. చిక్కుళ్లు బాగా కాశాయి. పదిహేను సీసాల్లో నిలవ పెట్టాను. టమాటాలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. ఎండలు ఎక్కువగా ఉన్నాయి.

ఆ గిల్బర్ట్ మంచివాడిలాగే ఉన్నాడు. భోజనానికి వెళ్లు. గడిచిపోయినవి తవ్వుకోకు.

ఆల్మా


ఆక్రన్
ఆగస్టు 5

అత్తయ్యకు,

నేను అంత రాస్తే మీరు చిక్కుళ్ల గురించి రాశారు.

నాకు అర్థమైంది. తప్పు మీది కాదు. కొడుకుని పోగొట్టుకున్న తల్లి ఇంకేం రాయగలదు? మీరు తిట్టినా నేను తీసుకునేదాన్ని, తిట్టనందుకు మీ మంచితనం అనుకుంటాను. కానీ ఇక ఈ కంచెల ఉత్తరాలు నావల్ల కాదు. ప్రతి ఉత్తరంలో అతని చేతులు కనిపిస్తున్నాయి.

తోట బాగుండాలని కోరుకుంటున్నాను. ఇక రాయను.

నోరీన్


హార్లన్ గ్యాప్
ఆగస్టు 26

నోరీన్,

చించకుండా చదువు. చదివాక నీ ఇష్టం.

ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి నాలుగుసార్లు పొయ్యిలో పడేశాను. ఏప్రిల్‌లో నీకు రాసింది కంచె కోసం కాదు. ఓటిస్‌కి కంచె వేయడం రాదా? నా పెళ్లినాటి నుంచీ వేస్తూనే ఉన్నాడు. నీకు ఒక మాట చెప్పాలి, ఎలా మొదలుపెట్టాలో తెలియక బఠాణీలతో మొదలుపెట్టాను. ఆ తర్వాత నువ్వు నవ్వావని రాశావు. ఆ నవ్వు పోతుందని మళ్లీ నోరు మూసుకున్నాను.

రస్సెల్ నీమీద కోపంతో బయల్దేరలేదు. నేను పిలిస్తే బయల్దేరాడు.

ఆ సాయంత్రం చీకటి పడబోతుండగా జింకలు మూడు తోటలో దిగాయి. నేను ఫోన్ చేశాను. ఇంటి ఫోనుకి కాదు, కంచెల పని కోసం వాడు వర్క్‌షాపులో పెట్టించుకున్న ఫోనుకి. ఇంటికి చేస్తే నువ్వు ఎత్తుతావని. మళ్లీ పిలుస్తున్నానని నీకు కష్టంగా ఉంటుందని నాకు తెలుసు. తెలిసే నిన్ను తప్పించి చేశాను. రేపు వస్తానమ్మా అన్నాడు. రేపటికి ఏం మిగులుతుందన్నాను. వస్తానన్నాడు.

పదహారు క్యాబేజీలు నోరీన్. పదహారు క్యాబేజీల కోసం.

వరండాలో కోటు వేసుకుని కూర్చున్నాను. గంట దాటింది, రాలేదు. నువ్వే ఆపేశావనుకున్నాను. నిన్ను తిట్టుకున్నాను. వాడి తండ్రి పోయాక వాణ్ణి ఒంటిచేత్తో పెంచితే, ఎక్కడి పిల్లో వచ్చి తల్లి మాట వినకుండా చేసిందని నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను. ఆ వేళకి వాడు వంతెన దగ్గర ఉన్నాడు.

పోలీసాయన నిన్ను అడిగినప్పుడు నేను నీ పక్కనే కూర్చున్నాను. నువ్వు తెలియదన్నావు. నేను తల దించుకుని నా చేతుల వంక చూసుకున్నాను. చెప్పడానికి అదే సమయం. ఒక్కసారి దాటిపోయాక ప్రతిరోజూ నిన్నటికన్నా కష్టమైంది. ఈ భారం నేనొక్కదాన్నే మోస్తున్నాననుకున్నాను. నువ్వు నాది కూడా మోస్తున్నావని జూన్‌లో నీ ఉత్తరం వచ్చేదాకా తెలియదు. తెలిశాక కూడా చిక్కుళ్ల గురించి రాశాను. అంత పిరికిదాన్ని.

నువ్వు పంపలేదు వాణ్ణి. నేను పిలిచాను. ఇది వెయ్యిసార్లు చదువుకో.

ఆల్మా


హార్లన్ గ్యాప్
అక్టోబరు 14

నోరీన్,

ఏడు వారాలైంది. క్షమించమని అడగడానికి రాయడం లేదు. ఉత్తరం నీకు చేరిందో లేదో తెలిస్తే చాలు.

వారం కిందట రెండు కంచెల గేట్లూ తీసి పక్కన పెట్టేశాను. జింకలు రెండు కంచెలూ దాటనక్కర్లేకుండా దర్జాగా నడిచి వచ్చాయి. వరండాలో కూర్చుని చూశాను. తిననీ అనుకున్నాను. క్యాబేజీలు, టర్నిప్‌లు, కేల్ ఆకు, అన్నీ తిన్నాయి. వాటికి కావలసిందల్లా ఇదే కదా, రెండేళ్ల కిందట ఇలా వదిలేసి ఉంటే పోయేదేమిటి అనుకున్నాను. ఓటిస్ వచ్చి “మతి పోయిందా ఆల్మా?” అన్నాడు. అవునన్నాను. వాడు నా పక్కన కూర్చున్నాడు.

మనసుకేమైనా తేలికవుతుందేమోనని చేశాను. కాలేదు.

ఆల్మా


ఆక్రన్
నవంబరు 11

ఆల్మా గారికి,

చేరింది. రెండూ చేరాయి.

మొదటిది చదివిన రోజు పనికి వెళ్లలేదు. ఆ మర్నాడు వెళ్లి, దుప్పట్లు మడత పెడుతూ పెడుతూ ఉన్నట్టుండి నేల మీద కూర్చుండిపోయాను. మొదట వచ్చింది ఏడుపు కాదు, ఊపిరి. నేను పంపలేదు, నేను పంపలేదు అనుకున్నాను. ఒక్క పూట అంత సుఖంగా ఉన్నాను.

సాయంత్రానికి కోపం వచ్చింది. మీరు ఫోన్ చేసినందుకు కాదు. జింకలు దిగితే ఎవరైనా కొడుకునే పిలుస్తారు. ఆ మాట మీరు నమ్మండి, నమ్మకపోండి. నా కోపం ఆ రెండేళ్ల మీద. అంత్యక్రియల రోజు నా చెయ్యి పట్టుకుని “తినమ్మా, ఏదైనా తిను” అన్నారు. ఆ నోటితోనే ఒక్క మాట చెప్పి ఉంటే నేను ఇల్లు అమ్ముకుని ఎవరూ తెలియని ఊరికి వచ్చేదాన్ని కాదు. అతని చొక్కాలన్నీ పంచేసేదాన్ని కాదు. నామీద అసహ్యంతో వెళ్లినవాడి చొక్కాలు దాచుకునే హక్కు నాకు లేదనుకున్నాను.

ఇంకొకటి ఉంది. నాకు తెలిసి అతను చివరిగా మాట్లాడింది నాతో కాదు, మీతో. అతని ఆఖరి మాటలు ఎవరి దగ్గరా లేవనుకుని నేను రెండేళ్లు బతికాను. అవి మీ దగ్గర ఉన్నాయి. మీరు దాచుకున్నారు.

నాకు అవి కావాలి. “రేపు వస్తానమ్మా, వస్తాను” అని ముక్కలుగా కాదు. మొదటినుంచి చివరిదాకా, అతను ఏమన్నాడు, మీరేమన్నారు, ఉన్నది ఉన్నట్టు రాయండి. నన్ను ఓదార్చడానికి ఒక్క మాట కూడా కలపకండి. కలిపితే నాకు తెలిసిపోతుంది. పదేళ్లు కాపురం చేశాను అతనితో.

నోరీన్


హార్లన్ గ్యాప్
నవంబరు 18

నోరీన్,

కలపలేదు, తీయలేదు. ఇది మర్చిపోవడం నాకు ఒక్కరోజు కూడా చేతకాలేదు కాబట్టి పొల్లుపోకుండా రాయగలను.

ఫోన్ ఎత్తి, గిరాకీ అనుకుని “హోస్టెటర్ కంచెలు” అన్నాడు.

“నేనేరా,” అన్నాను.

“చెప్పమ్మా.”

“మళ్లీ వచ్చాయి. మూడు. క్యాబేజీలో ఉన్నాయి.”

“నిజంగా ఉన్నాయా, వస్తాయేమోనని భయమా?”

“కిటికీలోంచి కనబడుతుంటే భయమేమిట్రా!”

ముక్కు ఎగబీల్చాడు. “జలుబు చేసిందా?” అన్నాను.

“రంపప్పొట్టు.”

“రంపప్పొట్టుకి గొంతు అలా అవదు. ఏమైంది?”

“ఏం లేదమ్మా. నోరీన్ ఏదో అంది. తను అన్నదాంట్లో తప్పేం లేదు. నేనే జవాబు చెప్పకుండా గొడ్డులా లేచి వచ్చేశాను.”

నేను క్యాబేజీల వంకే చూస్తున్నాను. వాడే అన్నాడు, “రేపు పొద్దున్నే వస్తా. ఇప్పుడు లోపలికి వెళ్లి తనతో మాట్లాడాలి.”

నేను ఏమన్నానో రాస్తున్నాను. ఆగస్టులో ఇదంతా రాయలేకపోయాను. “రేపటికి ఏం మిగులుతుంది, వేర్లా? గంట పని. వచ్చి చేసి వెళ్లు. మాటలు ఎక్కడికి పోతాయి?” అన్నాను.

చిన్నగా నవ్వాడు. ఓడిపోయినప్పుడు నవ్వే నవ్వు, నీకు తెలుసు. “సరే. కానీ ఎక్కువసేపు ఉండను, కాఫీ గీఫీ అని ఆపకు. తిరిగొచ్చి చెప్తాను తనకి,” అన్నాడు.

“ఏం చెప్తావు?”

“అది నీకెందుకు?” అన్నాడు. ఫోన్ పెట్టేశాడు.

అంతే. ఇంకేమీ లేదు. వాడు నీ దగ్గరికి వెళ్లబోతుంటే నేను ఇటు లాక్కున్నాను. మీరు పోట్లాడుకున్నారని నాకు ముందే తెలుసు, వాడే చెప్పాడు కాబట్టి. తెలియనట్టు ఊరుకున్నాను. నేను దాచింది ఫోన్ చేశానన్న సంగతి ఒక్కటే కాదు. నీకు రావలసిన కబురు దాచాను.

నువ్వు ఏమని పిలిచినా పలుకుతాను. పిలవకపోయినా అర్థం చేసుకుంటాను.

ఆల్మా


ఆక్రన్
డిసెంబరు 2

మీ ఉత్తరం వచ్చింది. పైన మిమ్మల్ని ఏమని పిలవాలో తెలియక ఖాళీ వదిలేశాను. ఏమీ అనుకోకండి.

మెట్ల దగ్గర నిలబడే చదివాను. ఇంట్లోకి వచ్చి మళ్లీ చదివాను. “హోస్టెటర్ కంచెలు” అన్న దగ్గరే ఆగిపోయాను చాలాసేపు. ఫోన్ ఎత్తగానే అలాగే అనేవాడు, ఇంట్లో ఫోనైనా సరే. ఆ సంగతే మర్చిపోయాను నేను. ఇంకెన్ని మర్చిపోయానో.

మాటలు ఎక్కడికి పోతాయి అన్న దగ్గర కాగితం కింద పెట్టేశాను. మీరు అది రాయకుండా వదిలేసినా నాకు తెలిసేది కాదు. అయినా రాశారు. కోపం పోలేదు. ఎప్పుడు పోతుందో చెప్పలేను. క్రిస్మస్‌కి రాను, దయచేసి రమ్మని రాయకండి.

మొన్న శుక్రవారం గిల్బర్ట్‌తో భోజనానికి వెళ్లాను. మంచివాడు. మీ ఆయన ఎలా ఉండేవాడు అని అడిగాడు. పొడుగ్గా ఉండేవాడన్నాను. ఆ తర్వాత ఏం చెప్పాలో తోచలేదు. ఆ నవ్వు ఎలా ఉంటుందో చూడని మనిషికి ఎక్కడినుంచి మొదలుపెట్టాలి? మీరు “నీకు తెలుసు” అని ఊరుకున్నారు, నాకు తెలిసిపోయింది. అంత మాత్రం చెబితే చాలే మనిషి ఈ లోకంలో నాకు ఇంకొకరు లేరు.

అందుకని రాస్తూ ఉండండి. నా గురించి వద్దు, మీ గురించి వద్దు. రస్సెల్ చిన్నప్పటివి రాయండి. నేను రాకముందువి, నాకు తెలియనివి. ఏదైనా సరే. జవాబు రాయలేకపోవచ్చు.

చదువుతాను.

నోరీన్